తొలి తుపాకి

నా మేనల్లుడు ఒకడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడినాడు. ఆ మధ్య వాడు నాకొక ఉత్తరం వ్రాసినాడు. క్షేమసమాచారాలన్నీ ముగిసిన తరువాత అందులో ఇట్లా ఉన్నది: "మామయ్యా, ఇక్కడి స్నేహితులు ఆదివారాలు షూటింగ్ రేంజికి వెళ్ళి కాగితపు గురుల మీద కాల్చి వస్తుంటారు. నాలుగైదు సార్లు నేనూ వెళ్ళినాను. మనసుకు బాగున్నది. సొంతంగా ఒక రైఫిలు కొనుక్కోవలెనని ఉన్నది. తొలిసారి కొనేవాడు సెమీ ఆటోమాటిక్ కొనవచ్చునా? మీరు కాలేజీలో ఎన్.సి.సి.లో రైఫిలు పట్టినవారు గదా, ఏది కొనమంటారు?" సంతకం క్రింద మరొక్క వాక్యం చేర్చినాడు: "ఇంట్లో ఒకటి ఉంటే ధైర్యంగా కూడా ఉంటుంది."

ప్రశ్న పైకి అంగడి ప్రశ్నవలెనే కనబడుతుంది. గడియారమో, సైకిలో కొనేవాడు అనుభవం ఉన్నవాడిని అడగడం లోకంలో ఉన్నదే. అయినా మూడు వారాలు గడిచినా నేను జవాబు వ్రాయలేకపోయినాను. వాడి ఉత్తరంలో ఉన్నది ఒక ప్రశ్న కాదనీ, రెండనీ నాకు క్రమంగా తోచినది. ఏ తుపాకి మంచిది అన్నది మొదటిది. తుపాకి కలిగి ఉండడం మంచిదేనా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసినవారు సామాన్యంగా రెండవదానిని విననొల్లరు. రెండవది అడిగేవారు మొదటిదానిని తెలుసుకొనడమే అపచారమని భావిస్తారు. ఒక వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొనకుండా దాని ధర్మాధర్మాలు నిర్ణయించడం న్యాయం కాదు. ఎట్లా పనిచేస్తుందో తెలిసినంతమాత్రాన విచారణ ముగిసినదనుకొనడమూ న్యాయం కాదు. కనుక రెండింటినీ వరుసగా తీసుకొంటాను.

మొదట వస్తువు సంగతి. వినోదం కొరకు కాల్చేవారికి అమెరికాలో పెద్దలు మొట్టమొదట చేతికిచ్చేది సామాన్యంగా పాయింట్ టూ టూ రైఫిలు. అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో సుమారు ఇరవై రెండు భాగాలు దాని గొట్టపు వ్యాసం. దాని తూటాకు "లాంగ్ రైఫిల్" అని పేరు. అది 1887లో పుట్టినది. గుండు తూకం రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. మందు తక్కువ కనుక భుజానికి దెబ్బ తగలదు, చప్పుడు చిన్నది, వెల తక్కువ. పెద్ద తుపాకితో విద్య మొదలుపెట్టినవాడు దెబ్బకు భయపడి, ట్రిగ్గరు నొక్కకముందే కళ్ళు మూసుకొని ఉలికిపడడం అలవాటు చేసుకొంటాడు. ఆ అలవాటు పట్టుకొన్నదంటే వదలడం కష్టం. అందువల్లనే మా ఎన్.సి.సి.లోను ఈ చిన్న తూటా రైఫిలునే ఇచ్చి, ఇరవై అయిదు గజాల దూరంలో గురి పెట్టించేవారు.

ఈ రైఫిళ్ళలో ముఖ్యంగా రెండు తెగలు ఉన్నవి. మొదటిది బోల్టు రైఫిలు. ఒకసారి కాల్చిన తరువాత చేతితో బోల్టు పిడిని పైకెత్తి, వెనుకకు లాగి, ఖాళీ తొడుగును వెలికి తీసి, తిరిగి ముందుకు నెట్టి, క్రిందికి దించితేగాని రెండవ తూటా లోపలికి రాదు. రెండవది సెమీ ఆటోమాటిక్. ఇందులో ఆ పని తుపాకియే చేసుకొంటుంది. చిన్న తూటా రైఫిలులో ఈ ఏర్పాటు చాలా సులువైనది. మందు మండి గుండును ముందుకు తోసే ఒత్తిడియే ఖాళీ తొడుగును వెనుకకు తోస్తుంది. తొడుగు బరువైన బోల్టును నెట్టుతుంది. బోల్టు వెనుక ఉన్న స్ప్రింగు దానిని మరల ముందుకు పంపుతుంది. తిరిగి వచ్చే బోల్టు మాగజైనులోనుంచి మరొక తూటాను తెచ్చి గొట్టం మొదట నిలుపుతుంది. ఇదంతా రెప్పపాటు పని. అయినా వేలు ఒకసారి నొక్కితే ఒక గుండే పోతుంది. మరల కాల్చవలెనంటే వేలు వదిలి మరల నొక్కవలెను. వేలు నొక్కి పట్టినంతసేపు గుండ్లు కురిపించే యుద్ధపు మరతుపాకికీ దీనికీ ఉన్న భేదం ఇదే. ఈ భేదం తెలియనివారు రెండింటినీ ఒకటిగా కట్టి మాట్లాడుతారు. తెలిసినవారిలో కొందరు ఈ ఒక్క భేదాన్నే చూపి తక్కినదంతా మరపించవలెనని చూస్తారు.

1960లో వచ్చిన మార్లిన్ మోడల్ సిక్స్‌టీ, 1964లో వచ్చిన రూగర్ టెన్ ట్వెంటీటూ ఈ తెగలో ప్రసిద్ధమైనవి. మొదటిదానిలో తూటాలు గొట్టం క్రింద ఉన్న మరొక సన్నని గొట్టంలో వరుసగా ఉంటవి. రెండవదానిలో పది తూటాలు పట్టే గుండ్రని మాగజైను కడుపులో ఇమిడి ఉంటుంది. దాని పేరులోని "టెన్" ఆ పదే. అది సుమారు ఐదు పౌండ్ల బరువు. అమెరికాలో ఎందరో తండ్రులు తమ పిల్లలకు తొలి తుపాకిగా కొనిపెట్టినది ఇదే. వినోదానికని అమ్మే సెమీ ఆటోమాటిక్ రైఫిళ్ళలో పెద్ద తూటావి కూడా ఉన్నవి. సైన్యపు రైఫిలు పోలికలో చేసిన ఏ.ఆర్. పదిహేను తరహా రైఫిళ్ళు అట్టివి. వాటి గుండు అడ్డుకొలత దాదాపు అంతే అయినా, వేగం మూడు రెట్లకు దగ్గరగా ఉండడం వల్ల దాని శక్తి చిన్న తూటాకు ఎనిమిది తొమ్మిది రెట్లు ఉంటుంది. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి అమ్మవచ్చును గాని, రెండూ ఒకే వస్తువు కావు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు కష్టమైనది కాదు. చిన్న తూటా రైఫిలు, అందులోను బోల్టుది. సెమీ ఆటోమాటిక్ మీదనే మనసు ఉంటే, మొదటి ఆరు నెలలు మాగజైనులో ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చవలెను.

ఒక్క తూటా నియమం ఎందుకని అడగవచ్చును. బోల్టు రైఫిలులో ఒక గుండుకూ మరొక గుండుకూ నడుమ కొంత పని ఉన్నది. చేయి కదలవలెను, కన్ను గురినుంచి తొలగవలెను, ఊపిరి మరల నిలుపుకొనవలెను. ఆ నాలుగైదు క్షణాలలో కాల్చినవాడు తాను ఇంతకుముందు చేసినదేమిటో చూచుకొంటాడు. గుండు ఎడమకు పోయినదా, ఎందుకు పోయినది, తప్పు భుజానిదా వేలిదా అని ఆలోచిస్తాడు. సెమీ ఆటోమాటిక్ ఈ ఎడమును తీసివేస్తుంది. అది చెడ్డ గుణమని నేననను. పొలంలో పంది తరుముకొని వచ్చినప్పుడు అది ప్రాణం కాపాడవచ్చును. కాని నేర్చుకొనేవాడికి ఆ ఎడమే గురువు. యంత్రం తీసివేసినదానిని మనిషి తన నియమంతో తిరిగి తెచ్చుకొనవలెను. తెచ్చుకొనలేనివాడు పది గుండ్లు పది సెకన్లలో ఖర్చుపెట్టి, నేర్చుకొన్నానని భ్రమపడి ఇంటికి పోతాడు.

ఒలింపిక్ క్రీడలలో రైఫిలు పందేలు ఒక్కొక్క తూటా చొప్పున చేతితో పెట్టుకొని కాల్చేవే. 2024లో పారిస్‌లో యాభై మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కాల్చినది ఈ చిన్న తూటానే. ఆ దూరంలో పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. గాలి రైఫిలుతో పది మీటర్ల నుంచి కాల్చే పోటీలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. ఆ చుక్క మీద గురి నిలిపి అభినవ్ బింద్రా 2008లో బీజింగులో మన దేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణపతకం తెచ్చినాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యం తెచ్చినాడు. వారి విద్యలో వేగానికి స్థానం లేదు. శరీరాన్ని కదలనీయక, ఊపిరిని సగం విడిచి, మనసులో వేరు తలపు లేకుండా వేలిని తనకు తెలియనంత మెల్లగా నొక్కడమే ఆ విద్య. ద్రోణుడు శిష్యులను చెట్టు మీది పక్షిని చూపి ఏమి కనబడుతున్నదని అడిగిన కథ మనకందరికీ తెలిసినదే. అర్జునుడికి పక్షి తల తప్ప వేరేమీ కనబడలేదు. ఆ పక్షి ప్రాణం ఉన్నది కాదు, కొయ్యతో చేసి నిలిపినది. గురి చూచే ఆనందం చంపే ఆనందం నుంచి వేరు చేయదగినదే అనడానికి ఈ కథకంటె పాత సాక్ష్యం నాకు తెలియదు. కనుక ఆదివారం కాగితాల మీద కాల్చడం పాపమని నా మేనల్లుడికి నేను చెప్పలేను. ఆ ఆనందం నేనూ ఎరుగుదును.

కాని ఆ కథలోని శిష్యుడే తరువాత కురుక్షేత్రంలో తాతను బాణాల మీద పడుకోబెట్టినాడు. కొయ్యపక్షితో నేర్చిన చేయి కొయ్యపక్షితోనే ఆగిపోతుందని హామీ ఏమున్నది? ఇక్కడనుంచి రెండవ ప్రశ్న మొదలవుతుంది.

ఈ ప్రశ్నను మన సాహిత్యంలో అందరికంటె స్పష్టంగా అడిగినది సీత. అరణ్యకాండలో, దండకారణ్యపు మునులకు రాక్షసుల బాధ తీరుస్తానని రాముడు మాట ఇచ్చిన తరువాత, దారిలో ఆమె ఆయనను మెల్లగా ఆపి ఒక కథ చెప్పుతుంది. పూర్వం ఒక అడవిలో సత్యవ్రతుడైన ముని ఒకడు తపస్సు చేసుకొంటున్నాడు. ఆ తపస్సుకు విఘ్నం కలిగించవలెనని ఇంద్రుడు భటుని వేషంలో వచ్చి, తన కత్తిని ఆయన దగ్గర దాచుమని ఇచ్చి వెళ్ళిపోయినాడు. నమ్మి ఇచ్చిన సొత్తు గదా అని ముని దానిని జాగ్రత్తగా కాపాడసాగినాడు. కందమూలాలకు పోయినా కత్తి వెంట తీసుకొనిపోయేవాడు. కొంతకాలానికి, ఎప్పుడూ చేతిలో ఉండే ఆయుధం వల్ల ఆయన బుద్ధి క్రమంగా క్రూరమైనది. తపస్సు మరచినాడు, చివరకు నరకానికి పోయినాడు.

ఈ కథను ఎన్నిసార్లు చదివినా నాకు ఒక సంగతి విస్మయం కలిగిస్తుంది. ఆ ముని కత్తిని కోరలేదు. దాని మెరుపు చూచి మోహపడలేదు. శత్రువుల భయమూ ఆయనకు లేదు. ఆయనను ఆ కత్తికి కట్టివేసినది ఒక మంచి గుణమే: నమ్మి ఇచ్చినది పోగొట్టరాదన్న నిజాయితీ. పోతుందేమో అన్న చింత మొదట కలిగినది. చింత వల్ల కత్తి ఎప్పుడూ చేతిలో ఉండవలసి వచ్చినది. చేతిలో ఉన్నది కనుక కొమ్మ అడ్డు వస్తే కొమ్మను కొట్టి ఉంటాడు, పాము కనబడితే పామును కొట్టి ఉంటాడు. ఇంతలో తప్పేమున్నదని ప్రతిసారీ అనిపించి ఉంటుంది. కథలో లేని ఈ మెట్లు నేను ఊహించినవే. కాని మనిషి ఎట్లా మారుతాడో ఎరిగినవారికి ఇవి వింతగా తోచవు. ఆయుధం ఉన్నవాడికి లోకంలో కొన్ని చిక్కులు ఆయుధంతో తీరేవిగా కనబడడం మొదలవుతుంది. ఆయుధం లేనప్పుడు ఆ చిక్కులే వేరు విధంగా కనబడేవి.

సీత మాట విని రాముడు కోపగించలేదు. ప్రేమతో చెప్పినావని మెచ్చుకొన్నాడు. అయినా మునులకు ఇచ్చిన మాట తప్పలేనన్నాడు. ఆమె ఆయుధపు స్వభావం చెప్పినది. ఆయన తన బాధ్యత చెప్పినాడు. ఈ రెండు మాటలలో ఏది ఏ మాటను ఖండించినది? ఏదీ ఖండించలేదని నా అభిప్రాయం. ఆయుధానికి మనిషిని మార్చే గుణం ఉన్నదన్న మాట నిజమే. దానిని ధరించవలసిన సందర్భాలు ఉన్నవన్న మాటా నిజమే. అయితే రాముడు చెప్పిన కారణం ఏమిటో గమనించవలెను. విల్లు చేతిలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుందని ఆయన అనలేదు.

ఇప్పుడు నా మేనల్లుడు సంతకం క్రింద చేర్చిన వాక్యం దగ్గరకు వస్తాను. ఉత్తరమంతా ఆటను గురించినది; ఆ ఒక్క వాక్యం భయాన్ని గురించినది. ఆట కొరకు కొన్న తుపాకి ఆటస్థలంలో ఉంటుంది, లేదా తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తూటాలు వేరే చోట ఉంటవి. ధైర్యం కొరకు ఉంచిన తుపాకి పడక దగ్గర ఉంటుంది, నింపి ఉంటుంది, తాళం లేకుండా ఉంటుంది. ఒకే వస్తువు ఈ రెండు ఉద్దేశాలనూ ఏకకాలంలో నెరవేర్చలేదు. ఆటకు తగిన జాగ్రత్తలన్నీ ధైర్యానికి అడ్డంకులు. ధైర్యానికి కావలసిన సౌకర్యాలన్నీ ఇంట్లోని పసివాడికి అపాయాలు.

అమెరికాలో ఈ విషయం మన దేశంలోవలె లేదు. ఆయుధాలు కలిగి ఉండే హక్కు 1791లోనే ఆ దేశపు రాజ్యాంగంలో చేరినది. అది ప్రతి పౌరుడికీ వ్యక్తిగతంగా చెందినదని 2008లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఊరికి దూరంగా, పోలీసులు వచ్చేసరికి గంట పట్టే పొలాలలో నివసించేవారి స్థితి మనం ఇక్కడ కూర్చుండి తూచలేము. కాని ఆ దేశపు లెక్కలలోనే ఒక సంగతి ఉన్నది: తుపాకి వల్ల పోయే ప్రాణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. అనగా దొంగ వస్తాడని తెచ్చిన తుపాకి ముందు దొంగ ఎన్నడూ నిలబడకపోవచ్చును. దాని యజమాని మాత్రం ప్రతిరోజూ నిలబడుతాడు. ఒక చీకటి రాత్రి వచ్చి మరునాటికి పోవలసిన నిరాశకు, చేతికి అందేంత దూరంలో తుపాకి ఉన్నట్లయితే, మరునాడు ఉండదు. బోల్టు రైఫిలు గుండుకూ గుండుకూ నడుమ ఎడము ఉంచుతుందని పైన మెచ్చుకొన్నాను. మొదటి గుండే చివరిదైన చోట ఆ ఎడము ఎవరినీ కాపాడదు. అక్కడ కావలసిన ఎడము మనిషికీ తుపాకికీ నడుమ.

చిన్న తూటా గదా అని దీనిని తేలికగా తీసుకొనరాదు. 1968లో రాబర్ట్ కెన్నెడీ ప్రాణం తీసినది పాయింట్ టూ టూ రివాల్వరే. చిన్న రైఫిలు గుండు అడ్డు లేకపోతే మైలుకు పైగా పోగలదు.

రాజ్యాలు ఈ విషయంలో గీత ఎక్కడ గీసినవో చూస్తే ఆలోచించవలసినది చాలా ఉన్నది. ఇంగ్లండులో 1987లో హంగర్‌ఫర్డ్ ఊరిలో ఒకడు పదహారుగురిని చంపిన తరువాత, 1988 చట్టం పెద్ద తూటా సెమీ ఆటోమాటిక్ రైఫిళ్ళను నిషేధించి, పాయింట్ టూ టూ వాటిని లైసెన్సు మీద ఉండనిచ్చినది. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ముప్పది అయిదుగురు చనిపోయిన తరువాత, ప్రభుత్వం ఆరు లక్షలకు పైగా తుపాకులను వెల ఇచ్చి తిరిగి తీసుకొన్నది. చిన్న తూటా సెమీ ఆటోమాటిక్ కూడా ప్రత్యేకమైన అవసరం చూపగలిగినవారికి తప్ప లేకుండా చేసినది. న్యూజీలాండులో 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదులలో యాభై ఒక్కరు హతులైన తరువాత, నెల తిరగకుండానే సెమీ ఆటోమాటిక్‌లను చాలావరకు నిషేధించినారు. పది తూటాలకు మించని చిన్న రైఫిలును మాత్రం మినహాయించినారు. దుఃఖం ఒక్కటే. గీతలు మాత్రం వేరు వేరు చోట్ల పడినవి. ఒకచోట రైతుబిడ్డ ఆటవస్తువు అయినది మరొకచోట నిషిద్ధం. దీనివల్ల చట్టం వ్యర్థమని కొందరు వాదిస్తారు. నాకట్లా తోచదు. కాలువ గట్టు ఇక్కడే ఉండవలెనని శాస్త్రం చెప్పకపోవచ్చును. ఎక్కడో ఒకచోట ఉండకపోతే పొలం నిలవదు. కాని చట్టం గీసిన గీతకు ఇవతల ఉన్నంతమాత్రాన నేను నిర్దోషినని ఎవడూ అనుకొనరాదు. చట్టం అందరికీ కలిపి గీసినది. నా ఇంటికి, నా మనసుకు తగిన గీత నేనే గీసుకొనవలెను.

మన దేశపు అనుభవం మరొక దిక్కునుంచి వచ్చినది. 1878లో లిట్టన్ ప్రభుత్వం చేసిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు లేనిదే ఆయుధం ఉండరాదన్నది. తెల్లవారికి మాత్రం ఆ నిర్బంధం లేదు. ఇది దేశానికి అవమానమని కాంగ్రెసు ఏళ్ళ తరబడి వాదించినది. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరుమని ప్రచారం చేస్తూ గాంధీజీ కూడా, బ్రిటిషు పాలన చేసిన చెడుగులలో జాతిని నిరాయుధం చేయడాన్ని అత్యంత హీనమైనదిగా చరిత్ర ఎంచుతుందని వ్రాసినాడు. పిరికితనమో హింసయో ఎన్నుకొనవలసి వస్తే హింసనే ఎన్నుకొనమంటానని 1920లో ఆయనే చెప్పినాడు. ఈ మాటలను ఆయుధాల పక్షం వారు సంతోషంగా ఎత్తిచూపుతారు. ఎత్తిచూపడంలో తప్పు లేదు. కాని అక్కడే ఆగిపోవడం తప్పు. బలాత్కారంగా ఆయుధం లాగివేసుకొనడం అవమానమని ఆయన అన్నాడు గాని, ఆయుధం వస్తే భయం పోతుందని అనలేదు. చేత ఆయుధం ధరించినవాడి గుండెలో భయం ఉన్నదనీ, నిర్భయుడికే అహింస సాధ్యమనీ ఆయన జీవితాంతం చెప్పినది. తుపాకి తెచ్చుకొన్నాక మా ఇంట్లో భయం తగ్గినదని చెప్పినవారిని నేను చూచినాను. వారు మునుపటికంటె ఎక్కువగా తలుపు చప్పుడు వినేవారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1959లో చేసిన చట్టం జాతిభేదాన్ని తొలగించినది గాని లైసెన్సును ఉంచినది. ఈ దేశంలో సామాన్య పౌరుడికి సెమీ ఆటోమాటిక్ రైఫిలు దాదాపు అందని వస్తువు. కనుక నా మేనల్లుడి ఎన్నిక ఇక్కడి కుర్రవాడికి ఎదురుకాదు. ఎదురుకానిదానిని జయించినామని మనం గర్వించనవసరం లేదు.

దశరథుడి కథ కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. యువరాజుగా ఉన్నప్పుడు ఆయనకు చప్పుడును బట్టి బాణం వేసే విద్యలో పేరు ఉండేది. ఒక రాత్రి సరయూ తీరంలో, ఏనుగు నీరు త్రాగుతున్న చప్పుడని తలచి బాణం వేసినాడు. అది గుడ్డివారైన తల్లిదండ్రుల కొరకు ముని కుమారుడు కుండ ముంచుతున్న చప్పుడు. దశరథుడు క్రూరుడు కాడు, ద్వేషంతో వేయలేదు, గురి తప్పలేదు కూడా. తన నేర్పు మీద ఆయనకున్న నమ్మకమే ఆ పని చేయించినది. ఏ దేశంలోనైనా రైఫిలు నేర్పేవారు మొదటి రోజున చెప్పే నియమాలు మూడు నాలుగే: ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే తలచవలెను, చంపదలచనిదాని వైపు గొట్టం తిప్పరాదు, కాల్చబోయేవరకు వేలు ట్రిగ్గరు మీద పెట్టరాదు, గురి ఏమిటో, గురి వెనుక ఏమున్నదో తెలియనిదే కాల్చరాదు. ఈ నాలుగవ నియమానికి దశరథుడు తన ప్రాణంతో వెల చెల్లించినాడు.

రెండవ నియమానికి నేనూ కొద్దిలో వెల చెల్లించి ఉండేవాడిని. కాలేజీలో ఒక ఉదయం గోనెసంచి మీద బోర్లపడుకొని కాలుస్తున్నాను. మూడవ తూటా ప్రేలలేదు. ట్రిగ్గరు మరల నొక్కినాను, ప్రేలలేదు. "కాలడం లేదు ఉస్తాద్" అని చెప్పడానికి రైఫిలు చేతిలో ఉండగానే ప్రక్కకు తిరిగినాను. గొట్టం నా వెంట తిరిగి, వరుసలో పడుకొన్న తోటి పిల్లల తలల మీదుగా పోయినది. ఉస్తాదు ఎట్లా వచ్చినాడో తెలియదు. గొట్టాన్ని పట్టుకొని నేలకు వంచినాడు. తిట్టలేదు. బోల్టు లాగి తూటా తీసి నా అరచేతిలో పెట్టినాడు. దాని అంచు మీద పిన్ను కొట్టిన గుర్తు కొద్దిగా పడి ఉన్నది. మందు లోపల ఉన్నది. "దీనిని ఇంటికి తీసుకొనిపోనివ్వరు, కాని చూచి జ్ఞాపకం పెట్టుకో" అన్నాడు. నా ప్రక్కన పడుకొన్న పిల్లవాడు తరువాత నాకు జీవితాంతం స్నేహితుడైనాడు. ఆ సంగతి వాడికి నేను నలభై ఏళ్ళ తరువాత గాని చెప్పలేకపోయినాను.

తుపాకి పట్టిన బాలుడు క్రూరుడే అవుతాడని కూడా నేననను. బొంబాయిలో సలీం అలీ అనే బాలుడు మేనమామ ఇచ్చిన గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టినాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉన్నది. ఇది ఏ పిట్ట అని అడిగినాడు. మేనమామకు తెలియక, 1883లో వెలసిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపినాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర ఆ పిల్లవాడికి అలమారులు తెరచి వందలాది పక్షులను చూపించినాడు. మన దేశపు పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయినవాడు ఆ తలుపులోనుంచి లోపలికి పోయినాడు. తరువాత కూడా ఆయన పరిశోధన కొరకు పక్షులను కాల్చినాడు, దానిని దాచలేదు. ఆ బాలుడిని రక్షించినది తుపాకి లేకపోవడం కాదు, కొట్టినదానిని చేతిలోకి తీసుకొని చూడడం. తాను ఏమి చేసినాడో చూడగలిగినవాడు ముని పోయిన దారిని పోడు.

ఇంత ఆలోచించిన తరువాత నా మేనల్లుడికి జవాబు వ్రాసినాను. ఏ రైఫిలో పైన చెప్పినట్లే వ్రాసినాను. కొనేముందు ఆరు నెలలు రేంజిలో అద్దె రైఫిలుతో కాల్చుమన్నాను. ఆట మీద కోరికయో, సొంతం చేసుకొనడం మీద కోరికయో అప్పటికి తేలుతుందన్నాను. తుపాకికంటె ముందు ఉక్కు పెట్టె, తాళం, చెవులకూ కళ్ళకూ రక్షణ కొనుమన్నాను. రేంజి వారు ఒప్పుకొంటే దానిని అక్కడనే దాచుకొనుమన్నాను. ధైర్యం కొరకైతే కొనవద్దన్నాను. తలుపు గట్టిది వేయించి, ప్రక్కింటివారితో స్నేహం చేయుమన్నాను.

ఇవన్నీ వ్రాయడం సులువు. చివరి ప్రశ్న వ్రాయడానికే మూడు వారాలు పట్టినది. రెండేళ్ళ క్రితం ఉద్యోగం పోయినప్పుడు వాడు కొన్ని నెలలు ఎవరితోను మాట్లాడలేదు. మా అక్క ఇక్కడ రాత్రులు నిద్రపోలేదు. ఆ రోజులు మళ్ళీ వస్తే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగినాను. ఇది అడిగే హక్కు మేనమామకు ఉన్నదా అని సందేహించినాను. అడగకపోతే, గొట్టం తిరుగుతున్నప్పుడు చూచి ఊరకున్నవాడినవుతానని తోచి అడిగినాను.

వాడి జవాబు వచ్చినది. ఆరు నెలలు ఆగుతానన్నాడు. ఉక్కు పెట్టెల వెలలు విచారించినానన్నాడు. చివరి ప్రశ్నకు మాత్రం ఒక్క మాటే వ్రాసినాడు: "సంక్రాంతికి వస్తున్నాను మామయ్యా, అది ఎదురుగా కూర్చుండి మాట్లాడుకొందాము." వాడి కొరకు ఎదురుచూస్తున్నాను.